పసరు పోయక ముందు
ముధోల్ నుండి పల్లెలకు నడచి వచ్చిన కంటి వైద్యం

వరి కోతల కాలం వచ్చినదంటే నా వద్దకు వచ్చే వారి నోట ఒక ప్రశ్న తప్పక వినబడుతుంది. "అయ్యా, కంట్ల వరాకు కొట్టుకున్నది. ఏ పసరు పొయ్యాలె?" అని అడుగుతారు. నిజాంసాగరు కాలువల కింద, పోచారం చెరువు ఆయకట్టు కింద వరి పండించే ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతాలలో ఈ ప్రశ్న ఏటా రెండు పంటలకూ రెండుసార్లు వస్తుంది. "ఏ పసరూ పోయవద్దు, ఈ పూటే కంటి వైద్యుని వద్దకు పొమ్ము" అని నేను చెప్పే సమాధానం విని చాలామంది ఆశ్చర్యపడతారు. మూలికలతో జీవించే వైద్యుడు మూలిక వద్దనుట ఏమని కొందరు నొచ్చుకొంటారు కూడా. ఆ సమాధానం నేను ఎట్లు నేర్చుకొన్నానో, అట్లు పంపిన రోగులను ఆదుకొనే వైద్య వ్యవస్థ ఒకటి మన ప్రాంతంలో ఎట్లు పుట్టి పెరిగినదో ఈ వ్యాసంలో మనవి చేయదలచినాను.

గురుకులంలో మా గురువుగారి వద్ద శాలాక్య తంత్రాన్ని శ్రద్ధగానే పఠించినాను. సుశ్రుతాచార్యుడు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను వర్ణించినాడు. ఏ రోగం ఔషధంతో సాధ్యమో, ఏది శస్త్రంతో సాధ్యమో, ఏది అసాధ్యమో విభజించి చెప్పినాడు. సేకం, ఆశ్చ్యోతనం, తర్పణం, పుటపాకం, అంజనం అనే క్రియలను వాటి కాలనియమాలతో సహా నిర్దేశించినాడు. ఇదంతా కంఠస్థం చేసి ఎల్లారెడ్డి చేరి వైద్యం మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలో నాకు ఒక సంఘటన ఎదురైనది. చెప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నను చెప్పక తప్పదు.

ఒక మధ్యవయస్కుడైన రైతు కంటికి వరి ఆకు తగిలిన మూడవనాడు నా వద్దకు వచ్చినాడు. కన్ను ఎర్రబడి నీరు కారుతున్నది. నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లని మచ్చ ఉన్నది. ఇంటివద్ద అప్పటికే ఎవరో ఏదో ఆకు పసరు రెండు పూటలు పోసి ఉన్నారు. నేను త్రిఫలా కషాయంతో సేకం ఆరంభించి, పథ్యం చెప్పి, నాలుగు దినాలు గడిపినాను. ఐదవనాటికి ఆ మచ్చ శనగబద్దంత అయినది. అప్పుడు హైదరాబాదు పొమ్మన్నాను. బండి ఖర్చులకు డబ్బు సమకూర్చుకొని, తోడు మనిషిని వెతుక్కొని అతడు బయలుదేరేసరికి మరి నాలుగు దినాలైనవి. కన్ను దక్కలేదు. పువ్వు వేసి తెల్లబడిపోయినది.

ఆ రాత్రి మరల గ్రంథం తీసి చూచినాను. సవ్రణశుక్రమని మనం పిలిచే నల్లగుడ్డు పుండును గూర్చి ఆచార్యుడు ఎంత జాగ్రత్తగా హెచ్చరించినాడో అప్పుడు గాని నాకు బోధపడలేదు. పుండు దృష్టిభాగానికి దగ్గరగా ఉండి, లోతుగా ఉండి, స్రావముతో కూడి ఉంటే అది సాధ్యము కాదని స్పష్టంగా చెప్పబడినది. అంజనాన్ని ఆమావస్థలో, అనగా వాపు, ఎరుపు, పోటు తీవ్రంగా ఉన్న దశలో ప్రయోగింపరాదని కూడా చెప్పబడినది. శాస్త్రం వద్దన్న కాలంలోనే మన ఇండ్లలో పసరు పోస్తున్నాము. శాస్త్రం చదివిన నేను నాలుగు దినాలు కాలయాపన చేసినాను.

ఆధునికులు ఈ పుండును కార్నియా వ్రణమంటారు. పైరు ఆకు, వడ్లపొట్టు, చెరకు ఆకు తగిలిన కంటిలో తరచుగా బూజు జాతి సూక్ష్మజీవులు చేరతాయి. వీటికి ప్రత్యేక ఔషధం వేరే ఉన్నది. పచ్చి ఆకు పసరు, చనుబాలు, తేనె వంటివి పోస్తే మరికొన్ని క్రిములను మనమే లోపలికి పంపినవారమవుతాము. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే కొన్ని చుక్కల మందులు ఇంతకన్న ప్రమాదకరం. వాటిలో స్టిరాయిడు ఉంటే ఎరుపు తగ్గినట్లే కనబడుతుంది, లోపల బూజు విజృంభిస్తుంది. కాబట్టి ఈ విషయంలో తప్పు పల్లెటూరి అవ్వదే అని పట్టణవాసులు అనుకోరాదు.

ఆ రైతు విషయంలో నన్ను ఎక్కువగా బాధించినది దూరం. కామారెడ్డి నుండి హైదరాబాదు సుమారు 110 కిలోమీటర్లు. ఎల్లారెడ్డి వారికి అది మరికొంత ఎక్కువ. కూలినాలి చేసుకొనే వానికి ఆ దూరం కిలోమీటర్లలో ఉండదు. పోయిన కూలి, తోడు వచ్చిన వాని కూలి, దవాఖాన వద్ద రాత్రి పడక, తిరిగి చూపించుకొనుటకు మరొక ప్రయాణం, ఇవన్నీ కలిసినదే ఆ దూరం. ఈ లెక్కను సరిగా వేసిన వైద్యుడు ఒకాయన తరువాతి కాలంలో కనబడినాడు.

కృష్ణా జిల్లా చోడవరంలో 1945లో జన్మించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గుంటూరులో వైద్యవిద్య, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో నేత్రవైద్యం అభ్యసించి 1974లో అమెరికా వెళ్ళినాడు. బోస్టన్‌లో శిక్షణ పొంది, రోచెస్టర్‌లో అధ్యాపకుడై, కార్నియా వైద్యంలో పేరు తెచ్చుకొన్నాడు. 1980ల మధ్యకాలంలో స్వదేశానికి తిరిగివచ్చి హైదరాబాదులో లాభాపేక్ష లేని కంటి ఆసుపత్రి పెట్టదలచినప్పుడు సినీ దర్శకనిర్మాత ఎల్.వి. ప్రసాద్, ఆయన కుమారుడు రమేష్ ప్రసాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలము, కోటి రూపాయల ధనము ఇచ్చినారు. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1908లో పుట్టి, హిందీ, తమిళ, తెలుగు భాషలు మూడింటి తొలి టాకీలలోను వేషాలు వేసి, 1982లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొన్న ప్రసాద్‌గారు ఆసుపత్రి నడిపే పనిలో జోక్యం చేసుకొనక, ఇచ్చి ఊరకున్నారని చెప్పుకొంటారు. దాతలకు ఇది అరుదైన గుణం. ఆయన పేరనే 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆరంభమైనది. 1989లో అందులోనే రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి వెలిసినది. అప్పటినుండి ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడి చికిత్సలు 50 వేలు దాటినవి. పువ్వు వేసిన కంటికి మన శాస్త్రంలో లేని ఉపాయం ఇది. ఈ మాట ఒప్పుకొనుటకు నాకు సంకోచం లేదు.

సంస్థ నడిచే తీరు ఇట్టిది. ఇచ్చుకోగలవాని వద్ద రుసుము తీసికొంటారు, ఇచ్చుకోలేని వానికి ఉచితంగా చేస్తారు. ఈ రెండవ కోవకు చెందినవారు సగానికి పైగా ఉంటారు. ఇరువురికీ వైద్యుడు ఒకడే, శస్త్రచికిత్స ఒకటే. తేడా గది సౌకర్యాలలో మాత్రమే. ఇట్టి పద్ధతికి దక్షిణాదిన ముందు మార్గం చూపినది మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో ఆరంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి. పూర్వం మన ఊరి వైద్యుడు షావుకారు వద్ద పుచ్చుకొన్నదానితో పేదవానికి లేహ్యం వండిపెట్టేవాడు. లెక్క అదే. అయితే వేలమందికి, పద్దు పుస్తకాలతో, ఏళ్ళ తరబడి అట్లు చేయుట వేరు విషయం.

నగరంలో ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నను ఎల్లారెడ్డి రైతు కన్ను దక్కదు గదా! ఈ సంగతి సంస్థవారికి అంకెలతో సహా తెలిసినది. 1996 నుండి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారు ఒక పెద్ద పరిశీలన జరిపినారు. హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10,293 మందిని పరీక్షించగా నూటికి 1.84 మంది అంధులని తేలినది. అందులో 44 శాతం మందికి కారణం శుక్లం, మన ప్రాంతంలో మోతిబిందు అనేది. మరి 16.3 శాతం మందికి కారణం, కేవలం సరియైన కళ్ళజోడు లేకపోవుట. పాఠకులు ఈ రెండవ అంకె వద్ద ఒక నిమిషం ఆగవలెను. వీరి కళ్ళు చెడిపోలేదు. ఒక జత అద్దాలు లేక అంధుల లెక్కలో చేరినారు. స్త్రీలలో, పేదలలో, పల్లెవాసులలో అంధత్వం అధికమని కూడా ఆ పరిశీలన తెలిపినది.

1996లోనే ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో, అనగా నేటి నిర్మల్ జిల్లాలో, భోస్లే గోపాలరావు పటేల్ నేత్ర కేంద్రం ప్రారంభమైనది. నగరం వెలుపల ఈ సంస్థ నెలకొల్పిన మొదటి శాశ్వత ఆసుపత్రి అది. 'శాశ్వత' అన్న మాట ముఖ్యం. అంతకు మునుపు పల్లెలకు కంటి వైద్యమంటే శిబిరమే. బడిలోనో సత్రంలోనో బల్లలు వేసి ఒక్క దినంలో పదుల మందికి శస్త్రచికిత్స చేసి, దళసరి అద్దాలిచ్చి వెళ్ళిపోయేవారు. సదుద్దేశంతోనే చేసినారు, ఎందరో చూపు పొందినారు. కాని కట్టు విప్పిన పదవనాడు కన్ను నొప్పి చేస్తే చూచే దిక్కు లేదు. అద్దం పగిలితే మరొకటి లేదు.

ముధోల్ మనకు దూరమేమీ కాదు. కామారెడ్డిలో రైలెక్కి నిజామాబాదు మీదుగా బాసరలో దిగితే అక్కడినుండి కొద్ది దూరం. సరస్వతీ అమ్మవారి సన్నిధిలో అక్షరాభ్యాసానికి పిల్లలను తీసికొనిపోయే దారియే. 1990ల చివరలో మా ఊరి వృద్ధురాలిని ఒకామెను, రెండు కళ్ళూ మోతిబిందుతో మూసుకుపోయిన దానిని, మనుమని వెంట ఆనాటి మీటరు గేజి బండిలో నేనే పంపినాను. వెళ్ళునప్పుడు మనుమని భుజం పట్టుకొని నడచినది. పది దినాల తరువాత నా అరుగు మీదికి ఒంటరిగా వచ్చి, "నువ్వు గింత ముసలోనివైతివా?" అన్నది. నాకప్పటికి నలుబది ఏళ్ళు కూడా నిండలేదు.

మోతిబిందును గూర్చి మన పాఠకులలో ఒక అపోహ పాతుకొని ఉన్నది. నెయ్యితోనో, తేనెతోనో, ఉల్లిరసంతోనో అది కరుగునని చాలామంది నమ్ముచున్నారు. సుశ్రుతుడు అట్లు చెప్పలేదు. కఫజమైన లింగనాశానికి శస్త్రమే చికిత్స అని ఉత్తరతంత్రంలో చెప్పి, యవధాన్యపు మొన వంటి మొన గల శలాకతో కంటిని వేధించే విధానాన్ని వర్ణించినాడు. తరువాత రోగి తుమ్మరాదని, దగ్గరాదని, వెల్లకిల పరుండవలెనని నియమాలు పెట్టినాడు. ఆ పద్ధతి దేశదేశాలకు వ్యాపించినది. దానిని కుదురు లేని సంచార వైద్యులు శుచిత్వం లేకుండ చేయుటచేత ఎందరో కళ్ళు పోగొట్టుకొన్నారు కూడా. 1747లో ఫ్రాన్సు దేశంలో డావియల్ శుక్లాన్ని బయటికి తీసివేసే పద్ధతి కనుగొన్నాడు. 1949లో లండన్‌లో రిడ్లీ దాని స్థానంలో కృత్రిమ కటకం అమర్చినాడు. ఈనాడు అరగంట లోపల ముగిసే చికిత్స అది. సుశ్రుతుని శిష్యులమని చెప్పుకొనే మనం, ఆయన శస్త్రసాధ్యమన్న రోగానికి చుక్కల మందు అమ్ముట గురుద్రోహం.

ముధోల్ తరువాత నాగర్‌కర్నూలు ప్రాంతంలోని తూడుకుర్తిలో 1998లో, ఆపైన ఇతర జిల్లాలలో ఇట్టి కేంద్రాలు వెలిసినవి. 2006లో భువనేశ్వర్, విశాఖపట్నాలలో, 2011లో విజయవాడ వద్ద పెద్ద ఆసుపత్రులు ఏర్పడినవి. వీటన్నిటిని వారు ఒక గోపురం వలె పేర్చినారు. శిఖరాన హైదరాబాదు సంస్థ, ఐదు కోట్ల జనాభాకు ఒకటి. దాని క్రింద 50 లక్షలకొక పెద్ద ఆసుపత్రి. ఆ క్రింద ఐదు లక్షలకొక గ్రామీణ శస్త్రచికిత్సా కేంద్రం, ముధోల్ వంటిది. ఆ క్రింద 50 వేలకొక దృష్టి కేంద్రం. అట్టడుగున ఐదు వేల మందికి ఒక దృష్టి రక్షకుడు. ఒక్కొక్క మెట్టుకు పదింతలు. ఇప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిషా, కర్ణాటక రాష్ట్రాలలో కలిపి దృష్టి కేంద్రాలు 200 దాటి ఉన్నవి.

ఈ దృష్టి కేంద్రాన్ని గూర్చి కొంత విపులంగా చెప్పవలెను. అక్కడ వైద్యుడు ఉండడు. ఉండేది ఆ ప్రాంతానికే చెందిన, ఉన్నత పాఠశాల లేదా ఇంటర్మీడియట్ చదివి సుమారు ఒక సంవత్సరం శిక్షణ పొందిన యువకుడో యువతియో. ఈ మాట మొదట విన్నప్పుడు నేను పెదవి విరిచినాను. గురువు పాదాల వద్ద సంవత్సరాలు గడిపి గాని నాడి పట్టుకొననివ్వని సంప్రదాయం మాది. ఒక్క ఏడాదికి కంటి వైద్యమా? కాని ఆ పిల్లలు చేసే పని చూచిన తరువాత నా అభిప్రాయం మార్చుకొన్నాను. వారు నేర్చినది రోగాన్ని మాన్పుట కాదు. చూపు కొలిచి అద్దాల సంఖ్య తేల్చుట, కంటిలోని ముఖ్య రోగలక్షణాలను గుర్తించుట, తమ చేతిలో లేని దానిని ఆలస్యం లేకుండ పైమెట్టుకు పంపుట. 'నాకు ఇంతవరకే తెలియును, ఇక పై వాని వద్దకు పొమ్ము' అనుట కూడా ఒక విద్య. నాకు అది ఆ రైతు కన్ను పోయిన తరువాత గాని అలవడలేదు. సందేహం కలిగితే దూరవాణి యంత్రాల ద్వారా పై ఆసుపత్రిలోని వైద్యునికి కంటి చిత్రాన్ని పంపే ఏర్పాటు కూడా తరువాతి కాలంలో వచ్చినది. కళ్ళజోళ్ళ అమ్మకంపై వచ్చే ఆదాయం కేంద్రం నిర్వహణకు తోడ్పడుచున్నది.

కళ్ళజోడుతో మాత్రమే తీరే కష్టం ఎట్టిదో చెప్పుటకు మా ప్రాంతపు బీడీ పనివారిని మించిన నిదర్శనం లేదు. కామారెడ్డి, నిజామాబాదు పల్లెలలో ఇంటింటా స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. నలుబది ఏళ్ళు దాటిన ఒక ఇల్లాలు నా వద్దకు వచ్చి, "చేతుల సత్తువ తగ్గింది, బీడీలు మునుపటంత ఎల్తలేవు, బలానికి మందియ్యుండ్రి" అన్నది. అశ్వగంధ చూర్ణం ఇచ్చినాను. తలనొప్పి కూడా అన్నది, నస్యం చేసినాను. రెండు నెలలైనా గుణం కనబడలేదు. ఒకనాడు ఆమె తన పొరుగావిడ కళ్ళజోడు ఆటకు పెట్టుకొని, దారం ముడి స్పష్టంగా కనబడగా బిత్తరపోయినదట. అది సత్తువ కాదు, చత్వారం. వయస్సు వచ్చిన ప్రతివారికీ కంటి కటకం మృదుత్వం కోల్పోవుటచేత దగ్గరి వస్తువు మసకబారుట. దానికి ఘృతమూ లేదు, లేహ్యమూ లేదు. అద్దాలు పెట్టుకొన్న నెలకు ఆమె లెక్క మరల మునుపటికి వచ్చినది. నా మందు డబ్బులు తిరిగి ఇవ్వజూపితే పుచ్చుకొనలేదు.

ప్రభుత్వం తరఫున తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమం మొదలైనది. 2023 జనవరిలో రెండవ విడత జరిగినది. ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచినారు. మంచి పని. అయితే చూపు ఏటేటా మారుతుంది, అద్దం గీతలు పడుతుంది, కొత్తవారికి నలుబది నిండుతుంది. విడతలవారీగా వచ్చే కార్యక్రమానికి, వీధి చివర తలుపు తెరిచి ఉండే కేంద్రానికి గల భేదం ఇక్కడ ఉన్నది.

స్వచ్ఛంద వ్యవస్థలోను లోపాలు లేకపోలేదు. ఎంత దగ్గరకు వచ్చినను ముసలి తల్లిని తీసికొనిపోవుటకు కొడుకులకు తీరిక దొరకదు. తండ్రికి దొరికిన తీరిక తల్లికి దొరకదు. ఉచితమంటే నాసిరకమని అనుమానించేవారు ఉన్నారు. శిక్షణ పొందిన పిల్లలు మంచి జీతానికి పట్టణాల అద్దాల దుకాణాలకు ఆకర్షింపబడుట సహజం. ఇక గోపురంలో మెట్లు ఎంత బాగున్నను, మొదటి మెట్టుకు ముందే ఒక మెట్టు ఉన్నది. అది మన ఇంటి వంటగది. పసరు నూరేది అక్కడే గదా.

వంటగది నుండి కంటికి చేయదగిన మేలు లేదని నేను అనను. ఆ మేలు నోటి ద్వారా పోవలెను. మునగాకు, కరివేపాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి, మామిడిపండు, వీటిలో విటమిను ఎ గా మారే పదార్థం సమృద్ధిగా కలదు. పప్పులోనో కూరలోనో కొంచెం నెయ్యి లేక నూనెతో కలిపి తింటేనే అది ఒంటబట్టును. రేచీకటి గల పిల్లలకు ఇవి నిత్యం పెట్టుచు, వైద్యునికి తప్పక చూపవలెను. ఏలయనగా ఆ లోపం ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోయే ప్రమాదం కలదు. పసిపిల్లలకు బజారు సుర్మాలు పెట్టవద్దు. కొన్నింటిలో సీసం ఉంటుంది. మధుమేహం గలవారు చూపు బాగుగా ఉన్నదనుకొన్నను ఏటా ఒకసారి కంటి లోపలి పొరను పరీక్షింపజేసికొనవలెను. త్రిఫలా చూర్ణాన్ని వైద్యుడు చెప్పిన మోతాదులో లోనికి తీసికొనవచ్చును. ఇంటిలో కాచిన కషాయంతో కన్ను కడుగుటను మాత్రం, పూర్వం నేనే సలహా ఇచ్చి ఉన్నను, ఇప్పుడు చెప్పుట మానినాను. ఇంటి పాత్రల శుద్ధికి హామీ ఎవరిస్తారు?

కంటికి ఆకు గాని, పొట్టు గాని, రాయి గాని తగిలితే చేయవలసినది ఇంతే. నలుపవద్దు. శుభ్రమైన నీటితో మెల్లగా కడగండి. గట్టిగా కట్టు కట్టవద్దు. నూనె, నెయ్యి, తేనె, పాలు, పసరు ఏదీ పోయవద్దు. ఇంటిలో మిగిలిన పాత చుక్కల మందు వేయవద్దు. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవుట, నల్లగుడ్డుపై మచ్చ, ఇందులో ఏ ఒక్కటి ఉన్నను ఆనాడే కంటి వైద్యుని వద్దకు చేరవలెను. సున్నం గాని, క్రిమిసంహారక మందు గాని పడితే బయలుదేరక ముందు అరగంట సేపు ధారగా నీరు పోయవలెను.

మొన్నటి యాసంగి కోతలలో, యంత్రం వెంట నడుస్తున్న కుర్రవాడొకడు కన్ను మూసుకొని నా వద్దకు వచ్చినాడు. పైన చెప్పిన రైతుకు మనుమడు. తాత కథ వానికి తెలుసు. "పసరు అడుగుతందుకు రాలే, బస్సు ఎప్పుడున్నదో అడుగుతందుకు వచ్చిన" అన్నాడు. రెండున్నరకు ఉన్నదని చెప్పినాను.